బాతుల మధ్య కట్టిన దడి

మొదట తెల్లపెట్ట మెడ వెనక ఈకలు ఊడాయి. ఈకలు రాల్చే కాలం వచ్చిందేమో అనుకుని పట్టించుకోలేదు. బాతులు పెంచడం నాకు కొత్త. కొన్నాళ్ళకు ఆ చోట చర్మం ఎర్రగా, తడిగా కనబడింది. ఆ తర్వాత మచ్చలపెట్ట కుంటడం మొదలుపెట్టింది. గింజలు వేస్తే అన్నిటికంటే ముందు పరుగెత్తుకొచ్చేది కాస్తా, జామచెట్టు వెనక నిలబడి మిగతావి తినిపోయేదాకా చూసేది.

అప్పట్లో నేను పెరంబూరులో, రైల్వే వర్క్‌షాపుకు కాస్త దూరంలో ఒక పాత ఇంటి వెనక వాటాలో అద్దెకు ఉండేదాన్ని. ముందు వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. ఆవిడ భర్త వర్క్‌షాపులో పనిచేస్తూనే పోయాడట. కొడుకు కోయంబత్తూరులో స్థిరపడ్డాడు. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆవిడ తెలుగులో అరవం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసేది కాదు. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను పాపా అనేది. నలభైకి దగ్గరపడిన నన్ను పాపా అని పిలిచే మనిషి ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరు.

నాది డబ్బింగ్ సీరియళ్ళకు తెలుగు మాటలు రాసే పని. హిందీలో నటుల పెదవులు ఎలా కదిలితే దానికి సరిపడా తెలుగు వెతకాలి. సగం రోజులు ఇంట్లో కూర్చుని రాసేదాన్ని. రికార్డింగ్ ఉన్న రోజుల్లో పొద్దున్నే వడపళని వైపు స్టూడియోకి వెళ్ళి సాయంత్రానికి వచ్చేదాన్ని.

విజయవాడలో నా భర్తను వదిలి వచ్చాను. ఇల్లు వెతుక్కునేటప్పుడు ప్రతి గుమ్మంలోనూ అదే ప్రశ్న, మీ ఆయన ఏం చేస్తారని. ఈవిడ మాత్రం అడగలేదు. తాళంచెవి చేతిలో పెట్టి, మోటారు ఎప్పుడు వేయాలో, మంచినీళ్ళ లారీ ఎప్పుడు వస్తుందో చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఒక్కదానికే ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

ఆ ఏడాది వానల్లో నాకు జ్వరం వచ్చింది. ఆవిడ ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళి, సెలైన్ ఎక్కుతున్నంతసేపూ పక్కనే కూర్చుంది. ఇంటికొచ్చాక, ఒళ్ళు కాస్త తేలికపడిన ఒక సాయంత్రం, నేనే అన్నీ చెప్పాను. అతను నా మణికట్టు ఎలా పట్టుకునేవాడో, బయట గడియ పెట్టి ఆఫీసుకు ఎలా వెళ్ళిపోయేవాడో చెప్పాను. చెయ్యి చేసుకున్న మర్నాడు నా కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడని, కొట్టిన రోజు కంటే ఆ ఏడ్చే రోజుకే నేను ఎక్కువ భయపడేదాన్నని కూడా చెప్పాను. ఎందుకంటే ఆ ఏడుపు చూసి మా అమ్మా, మా అత్తా అందరూ కరిగిపోయేవాళ్ళు. మళ్ళీ నన్ను ఆ గదిలోకే పంపేవాళ్ళు.

ఇంటావిడ అంతా విని, నా తల నిమిరి, "ఈడ నీ జోలికి ఎవురూ రారు పాపా. నేనుండా కదా" అంది.

ఆ మాట పట్టుకుని చాలాకాలం ధైర్యంగా బతికాను.

బాతులు ఆ తర్వాత వచ్చాయి. పల్లావరం శుక్రవారం సంతకి పాత కుర్చీ కోసం వెళ్ళి, గంపలో పసుపు ముద్దల్లా కదులుతున్న బాతుపిల్లల్ని తెచ్చుకున్నాను. మొత్తం ఏడు. ఆ వయసులో ఏది ఆడదో ఏది మగదో నాకే కాదు, అమ్మినవాడికీ తెలియదు. ఇంటావిడ చూసి ఒకటే నవ్వు. నవ్వుతూనే, పెరట్లో మూలన పడున్న సిమెంటు తొట్టిని దొర్లించుకొచ్చి కడిగి నీళ్ళు నింపింది.

వాటిలో ఒక పిల్ల నీరసంగా ఉండేది. మిగతావి తొక్కేస్తుంటే దాన్ని తీసి, అట్టపెట్టెలో బల్బు పెట్టి నా లాప్‌టాప్ పక్కనే ఉంచుకున్నాను. తడిపిన నూకలు వేలి మీద పెట్టి తినిపించాను. నేను డైలాగులు పైకి చదువుకుంటుంటే అది పెట్టెలోంచి జవాబు చెప్పేది. కోలుకున్నాక పెరట్లో వదిలినా, నా కాళ్ళ వెనకే తిరిగేది. నేను బట్టలు ఆరేస్తుంటే దండెం కింద ఒక చివర నుంచి ఇంకో చివరికి నాతో పాటు నడిచేది.

పెద్దయ్యాక గొంతులు విడిపోయాయి. ఆడబాతులకు గట్టి గొంతు వచ్చింది. వీధి మొగదాకా వినబడేది. మగవాటికి గొంతు రాసుకుపోయి, గుసగుసగా బొంగురు శబ్దం మిగిలింది. తోక మీద ఒక ఈక పైకి మెలి తిరిగింది. నా అట్టపెట్టె పిల్ల మగదని అలా తెలిసింది. మొత్తం మూడు పుంజులు, నాలుగు పెట్టలు. నా పుంజు తల ముదురాకుపచ్చగా మెరిసేది. వీధిలో పిల్లలు గోడెక్కి వాణ్ణి చూసేవాళ్ళు.

తెల్లపెట్ట మెడకు ఆ గాయం ఎలా అయిందో ఒక ఆదివారం పొద్దున కళ్ళారా చూశాను. కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చున్నాను. తెల్లపెట్ట తొట్టిలో దిగింది. నా పుంజు వెనకనే దూకి, ముక్కుతో మెడ వెనక ఈకలు కరిచిపట్టి పైకెక్కాడు. అంతవరకూ అది వాటి పద్ధతేనని నాకూ తెలుసు. అయితే వాడు దిగకముందే రెండోవాడు దూకాడు. వాడి వెనక మూడోవాడు. వాళ్ళ బరువు కింద పెట్ట తల నీళ్ళలో మునిగింది. తేలబోతే మళ్ళీ మెడ పట్టుకుని తొక్కారు. నేను పరుగెత్తి చెయ్యి పెట్టేసరికి అది నోరు తెరుచుకుని వణుకుతోంది. బయటికి తీసి నేల మీద పెట్టగానే, నా పుంజు నన్ను దాటుకుని దాని మీదికే వచ్చాడు. నేను అడ్డం నిలబడితే నా కాలిని పొడిచాడు.

నా వేలి మీద నూకలు తిన్నవాడు. జంతువు మీద ఆ రకం కోపం తెచ్చుకోవడం అర్థంలేదని తెలుసు. తెలిసినా, నన్ను మోసం చేసినట్టే అనిపించింది. ఆ రోజంతా వాడి వైపు చూడలేకపోయాను.

మర్నాడు తెల్లపెట్టను బుట్టలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు కళ్ళజోడు పెట్టుకున్న చిన్నవయసు అమ్మాయి. గాయం చూడగానే, "మగవి ఎన్ని, ఆడవి ఎన్ని?" అని అడిగింది. చెప్పాను.

"మీ దగ్గర మగవి ఎక్కువైపోయాయి. ఒక్క మగదానికి నాలుగైదు ఆడవైనా ఉండాలి. లేకపోతే ఇలాగే, ఒకదాన్నే పట్టుకుని అన్నీ తరుముతాయి. మీరు తిట్టినా కొట్టినా మానవు. విడదీయడమే మందు" అంది.

"విడదీస్తే మగవి ఒకదాన్నొకటి పొడుచుకోవా?"

"ఆడవి కనబడనంతవరకూ స్నేహంగానే ఉంటాయి. మధ్యలో వల ఒక్కటే కడితే చాలదు. గోనెపట్టా కప్పండి, అటువైపు కనబడకూడదు. పుండు మీద ఈగ వాలనివ్వకండి."

దడి కట్టింది నేనూ ఇంటావిడా కలిసే. వెదురుబద్దలు తెప్పించాం. నేను గునపంతో గుంటలు తీస్తే ఆవిడ బద్దలు పట్టుకుని నిలబడింది. పచ్చవల బిగించి, దాని మీద గోనెపట్టాలు కుట్టాం. ప్రహరీ గోడ వైపు పుంజులకు, జామచెట్టు వైపు పెట్టలకు. పుంజులకు ఒక ప్లాస్టిక్ టబ్బు కొన్నాను. మధ్యలో చిన్న తలుపు పెట్టి, దానికి తీగ మెలిపెట్టాను. పని అయ్యాక ఆవిడ కొంగుతో చెమట తుడుచుకుంటూ, "ఇంక మన ఆడపిల్లలకి నిమ్మతి" అంది. నిమ్మతి అంటే అరవంలో మనశ్శాంతి. మన ఆడపిల్లలు అన్న మాటకి నాకు కళ్ళు చెమర్చాయి.

మొదటి రెండు మూడు రోజులు పుంజులు దడి వెంబడి అటూ ఇటూ తిరిగాయి. గొంతు రాసుకుపోయిన ఆ బొంగురు పిలుపు పొద్దంతా వినబడేది. నా పుంజు పట్టా అంచు కింద ముక్కు దూర్చి చూసేవాడు. ఇంటావిడ వంటింటి కిటికీలోంచి, "అయ్యో, పావం" అనేది. నాకూ జాలేసేది. కానీ ఇటువైపు తెల్లపెట్ట మెడ మీద పుండు ఎండి, పెచ్చు కట్టి, సన్నగా నూగు కూడా మొలుస్తోంది. పుండుకి మందు నేను రాసేదాన్ని. నేను లేని రోజుల్లో ఆవిడ పసుపు పెట్టేది.

తర్వాత ఒక సాయంత్రం స్టూడియో నుంచి వచ్చి చూస్తే పెచ్చు ఊడి నెత్తురు కారుతోంది.

పిల్లి అనుకున్నాను. ముంగిస అనుకున్నాను. గోడ వెంబడి కన్నాలన్నీ ఇటుకముక్కలతో మూశాను. నేను ఇంట్లో ఉండి రాసుకునే రోజుల్లో ఏ గొడవా ఉండేది కాదు, గాయం మళ్ళీ మానుతూ ఉండేది. రికార్డింగ్‌కి వెళ్ళి వస్తే మళ్ళీ తిరగబెట్టేది. మచ్చలపెట్ట కాలు మళ్ళీ ఈడ్వడం మొదలైంది. తెల్లపెట్ట కన్ను ఒకటి వాచి మూసుకుపోయింది.

"పగలు ఏమైనా వస్తోందా అక్కా లోపలికి?" అని అడిగాను.

"పిల్లి వస్తా ఉండాదేమో పాపా. నేను వంటింట్లో ఉంటా కదా, చూళ్ళా" అంది. అని, తెల్లపెట్టను ఒళ్ళో పెట్టుకుని, వాచిన కంటికి తడిగుడ్డ అద్దింది. ఎంత మెల్లిగా అద్దిందంటే అది ఆవిడ చేతిలోనే నిద్రపోయింది. ఆ చేతుల్ని అనుమానించాలని నాకు ఎలా తోస్తుంది?

ఆ రోజుల్లోనే నాకు ఒక కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. 'బాతులు పెంచుతున్నావట. మంచి కాలక్షేపం.' పేరు లేదు. పేరు అక్కర్లేదు, ఆ 'ట' అనే వెక్కిరింపు నాకు బాగా తెలుసు. నా కొత్త నంబరు, నేనున్న ఊరు అతనికి తెలియవనుకున్నాను. నా చెల్లెలికి మాత్రమే బాతుల ఫొటోలు పంపాను. దానికి ఫోన్ చేసి నిలదీశాను. అది ఒట్టు వేసింది, ఏడ్చింది. నేను నమ్మలేదు. ఆ తర్వాత కొన్ని వారాలు మేం మాట్లాడుకోలేదు. ఇంటావిడకి ఆ మెసేజ్ చూపిస్తే, చదివి, "సుమ్మా పెట్టింటాడు, వదిలెయ్" అంది. ఊరికే పెట్టుంటాడని. ఎవరు పెట్టారో నేను చెప్పకముందే ఆవిడ 'పెట్టింటాడు' అందని అప్పుడు నా చెవికి తగల్లేదు. రోజంతా మాటల్ని పెదవులకు సరిపెట్టే పని చేసేదాన్ని. ఆ ఒక్క మాట దాటిపోయింది.

ఒక గురువారం స్టూడియోకి వెళితే, కథానాయికకు గొంతు చెప్పే అమ్మాయికి జలుబు చేసి రికార్డింగ్ ఆగిపోయింది. అందరం కాసేపు కూర్చుని టీ తాగి లేచాం. మిట్టమధ్యాహ్నానికే ఇంటికి చేరాను. సందులోంచి నేరుగా పెరట్లోకి వెళ్ళాను.

దడి తలుపు బార్లా తెరిచి ఉంది. గోనెపట్టా ఒకపక్కకి మడిచి ఉంది. ఇంటావిడ నీడలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఒళ్ళో చిక్కుళ్ళ చేట పెట్టుకుని ఈనెలు తీస్తోంది. సిమెంటు తొట్టిలో మూడు పుంజులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వాటి కింద తెల్లని రెక్క ఒక్కటి నీళ్ళ మీద కొట్టుకుంటోంది.

బ్యాగు ఎక్కడ పారేశానో గుర్తులేదు. పుంజుల్ని చేతికందిన చోట పట్టి లాగేశాను. తెల్లపెట్టను తీసి తలకిందులుగా పట్టుకుంటే ముక్కులోంచి నీళ్ళు కారాయి. ఊపిరి ఆడుతోంది కానీ మెడ నిలవడంలేదు. నా పుంజు చుట్టూ తిరుగుతూ అదే బొంగురు గొంతుతో అరుస్తున్నాడు. కాలితో తోసేశాను.

"ఎందుకు తెరిచారక్కా?"

"ఇప్పుడే తెరిచినా పాపా. మగవి ఒకటే అరస్తా ఉంటే చూసేదానికి కాలేదు. కొంచేపు ఆడుకోనీలే అని…"

"ఇప్పుడేనా?"

ఆవిడ చేటలోకి చూసింది. నేను తలుపు వైపు చూశాను. నేను మెలిపెట్టే తీగ చక్కగా చుట్ట చుట్టి వెదురుబద్ద మీద ఒక మేకుకు తగిలించి ఉంది. ఆ మేకు నేను కొట్టింది కాదు. తీగ తీసిన ప్రతిసారీ ఎక్కడ పెట్టాలో వెతుక్కోకుండా కొట్టుకున్న మేకు.

"రోజూ తెరుస్తున్నారా?"

"దినామూ లేదు. నువ్వు పనికి పొయ్యే దినాల్లోనే. నువ్వు వచ్చేలోపల మళ్ళా తోలేస్తా."

"దాని మెడ మీద గాయం మీరే చూశారు. మీ చేత్తోనే పసుపు పెట్టారు. పిల్లి అన్నారు."

"పెట్టినా. లేదంటానా? నాకు మాత్తరం ఆశా అది నొచ్చుకోవాలని? మగది అంటే అట్లే ఉంటాది పాపా. ఆడది కొంచెం ఓర్చుకుంటే అదే సరిపోతాది. అంతకి అడ్డం గోడ కట్టేస్తే అవి ఏడ పొయ్యేది చెప్పు? మొగోళ్ళు ఏడిస్తే నాకు చూసేదానికి కాదు. పావం, ఆయన కూడా అట్లే ఏడస్తాడు."

"ఆయనా? ఎవరు?"

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. జారిన మాటను వెనక్కి తీసుకోవాలని కూడా ఆవిడకు తోచలేదు. ఇంక దాచి ఏం లాభం అన్నట్టు, ఒకరకంగా ఊరట పడినట్టే చెప్పింది.

"మీ ఇంటాయన. ఫోన్ చేస్తాడు. మీ అమ్మ కాడ నంబరు తీసుకున్నాడంట, నీకు జొరం వచ్చినప్పుడు నీ ఫోన్‌కి చేస్తే నేనే ఎత్తినా. అప్పట్నించీ నాకు చేస్తాడు. బాగా మాట్లాడతాడు పాపా. తప్పు చేసినా అని ఆయనే ఒప్పుకుంటా ఉండాడు. నువ్వు తిన్నావా, పనికి పోయినావా అని అడగతాడు. చెప్తా. అంతే కదా."

"ఈ ఇల్లు ఎక్కడో చెప్పారా?"

"ఆదివారం వస్తానన్నాడు. నీకు ముందే చెప్తే నువ్వు ఒప్పుకోవని, వచ్చినాక కూసోబెట్టి మాట్లాడదామని అనుకున్నా. నీ మంచికే కదా పాపా. ఒక్కదానివే ఎన్ని దినాలుంటావు?"

నా చేతుల్లో తెల్లపెట్ట బరువుగా వేలాడుతోంది. నాకు అరవాలనిపించలేదు. జ్వరంలో నేను చెప్పుకున్నదంతా ఆవిడ విన్నదని, నమ్మిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. విన్నది నిజమే. నా మణికట్టు కథలో కూడా ఆవిడకి జాలి పుట్టించింది అతని ఏడుపే అన్నమాట. నేను తన ముందు కూర్చుని చెబుతున్నప్పుడే ఆవిడ మనసు అటువైపు వెళ్ళిపోయి ఉంటుంది. నా తల నిమిరిన ఆ చేతిని ఎన్నిసార్లు తలచుకున్నానో. అదే చెయ్యి అతని ఫోన్ ఎత్తింది.

"మీరు నాకు మాటిచ్చారక్కా" అన్నాను.

"ఇచ్చినా. పరాయోళ్ళని రానిస్తానా? ఆయన మొగుడు కదా" అంది ఆవిడ, నిజంగా ఆశ్చర్యపోతూ. ఆ ఆశ్చర్యంలో నటన లేదు. నన్ను మోసం చేశానని ఆవిడకు ఆ క్షణంలో కూడా తెలియదు. దానితో నా కోపానికి వెళ్ళే దారి లేకుండా పోయింది.

పుంజుల్ని అటువైపు తోలి తలుపు మూసి తీగ బిగించాను. మేకును గోరుతో పీకబోయాను, రాలేదు. తెల్లపెట్టను లోపలికి తీసుకెళ్ళి పాత చీరలో చుట్టి కూర్చున్నాను. డాక్టరుకు ఫోన్ చేస్తే వెచ్చగా ఉంచమంది, మెడ నిలిస్తే తీసుకురమ్మంది. మెడ నిలవలేదు. శుక్రవారం పొద్దున కాఫీ వేళకి పోయింది. జామచెట్టు కింద నేనే తవ్వి పెట్టాను. ఇంటావిడ కిటికీ దగ్గర నిలబడి కళ్ళు ఒత్తుకుంటూ చూసింది. సాయం వస్తానన్నట్టు గడప దాకా వచ్చింది. వద్దన్నాను.

ఆదివారం లోపల వెళ్ళిపోవాలి. చెల్లెలికి ఫోన్ చేసి, క్షమించమని అడిగి, జరిగింది చెప్పాను. అది ముందు బాగా తిట్టి, తర్వాత, "నేను బయల్దేరి రానా?" అంది. వద్దన్నాను. సీరియళ్ళలో అత్తగార్లకు గొంతు చెప్పే ఒక పెద్దావిడ చింతాద్రిపేటలో ఉండేది. పాత ఇల్లు, వెనక గచ్చు చేసిన వాకిలి, అందులో ఒక నీళ్ళ తొట్టి. మేడ మీద గది ఖాళీగా ఉందని ఎప్పుడో అంది. ఇంటావిడకు వినబడకుండా సందులోకి వెళ్ళి పెద్దావిడకు ఫోన్ చేశాను. ఎందుకని అడగలేదు. "ఎన్ని బాతులు?" అని మాత్రం అడిగింది. మూడని చెప్పాను. పెట్టల్ని మాత్రమే తీసుకెళ్ళాలని అప్పటికే నిశ్చయించుకున్నాను.

శనివారం పొద్దున సామాన్ల బండి వచ్చింది. పెట్టల్ని గంపల్లో పెట్టి పైన వల కట్టాను. ఇంటావిడ మెట్ల మీద కూర్చుని ఉంది.

"పుంజుల్ని?" అంది.

"మీ దగ్గరే ఉంచుకోండక్కా. వాటి ఏడుపు మీరు చూడలేరు కదా. ఇంక ఏడవ్వు. ఆడవి లేకపోతే మూడూ కలిసే ఉంటాయని డాక్టరు చెప్పింది."

"కోపంగా ఉండావు."

"అవును."

"ఆయనకి ఏమని చెప్పేది?"

"మీరు ఇన్నాళ్ళూ అన్నీ చెప్పారు కదా. ఇది కూడా మీరే చెప్పండి."

పుంజుల వైపు దడి తలుపు తీసే ఉంచాను, ఇంక దానితో పనిలేదని. నా పుంజు మామూలుగా నా కాళ్ళ వెనక సందు దాకా నడిచి వచ్చాడు. బండి దగ్గర ఆగి, తల ఒకపక్కకి వంచి చూశాడు. వాణ్ణి ఎత్తుకుంటే ఎత్తుకోనిస్తాడని తెలుసు. చేతులు ముందుకు కూడా వెళ్ళాయి. గంపలో మచ్చలపెట్ట వాడి గొంతు వినబడగానే మూలకి ఒదిగిపోయింది. చేతులు వెనక్కి తీసుకుని గేటు వేశాను.

బండి కదలబోతుంటే ఇంటావిడ పరుగెత్తుకొచ్చి నా ఒళ్ళో ఒక స్టీలు డబ్బా పెట్టింది. పెరుగన్నం. చింతాద్రిపేటలో సామాన్లు దింపి, మేడ మీద వట్టి నేల మీద కూర్చునేసరికి ఆకలితో కడుపు మండిపోతోంది. డబ్బా తెరిచి తిన్నాను. మామిడికాయ ముక్కలు వేసి, మిరపకాయలు వేయించి, చాలా బాగా కలిపింది. అది అంత బాగుండటం నేను భరించలేకపోయాను. చివరి ముద్ద దాకా తిన్నాను, తింటూ ఏడ్చాను.

ఆదివారం సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

"వచ్చినాడు పాపా. నువ్వు లేవని చెప్తే నమ్మలా. ఇల్లంతా తిరిగినాడు. తలుపు కొట్టినాడు, తులసికుండీ తన్నేసినాడు. నన్నే తిట్టినాడు, నేనే దాచిపెట్టినానంట. పక్కింటోళ్ళు వచ్చినాక పోయినాడు. పొయ్యేముందు కూసోని ఏడిచినాడు… నాకు బయమేసింది పాపా. వాడు ఇట్లాంటోడని నువ్వు చెప్పలేదే."

అవతల ఆవిడ "పాపా, పాపా" అంటూనే ఉంది. ఆవిడకి దెబ్బ ఏమైనా తగిలిందా అని అడిగాను. లేదంది. కొడుకుని పిలిపించుకోమని చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత రెండుమూడు సార్లు చేసింది. నేను ఎత్తలేదు. నా నంబరు మార్చాను. పోలీసు స్టేషన్‌కి వెళ్ళి అతని మీద కాగితం రాసిచ్చి వచ్చాను. ఆసారి చెల్లెలు వచ్చి పక్కన ఉంది.

మూడు పెట్టలూ ఇప్పుడు చింతాద్రిపేట వాకిట్లో ఉన్నాయి. మచ్చలపెట్ట కాలు బాగైంది, మూడింటికీ ఈకలు నిండుగా వచ్చాయి. గుడ్లు పెడుతున్నాయి. ఆ గుడ్లలోంచి పిల్లలు రావు, అవి తినడానికే. "ఒక్క పుంజైనా లేకపోతే ఎట్లా?" అని వచ్చినవాళ్ళందరూ అడుగుతారు. అత్తగారి గొంతు పెద్దావిడే వాళ్ళకు ఏదో ఒకటి చెప్పి పంపేస్తుంది. ఆవిడ మంచిది. సాయంత్రాలు వాకిట్లో కుర్చీ వేసుకుని, నన్నూ కూర్చోమని, "నీకు ఎవరెవరున్నారమ్మా?" అని మెల్లిగా అడుగుతుంది. నేను ఈకల సంగతో, మర్నాటి రికార్డింగ్ సంగతో ఎత్తుకుంటాను. ఇప్పటిదాకా ఆవిడకు నా గురించి ఒక్క ముక్క చెప్పలేదు.